కనుబొమ ఆపరేషన్ ముస్తాబు కాదు

"ముసలోడికి దసరా పండగ" అనే మాట పోయినేడు మా మేనత్త మీద పడింది. ఆవిడకి డెబ్బై నాలుగేళ్లు, ఉండేది తెనాలిలో. రెండు కనుబొమలూ జారి కళ్ల మీదికి దిగాయి, వాటిని పైకెత్తి కుట్టాలని కంటి డాక్టరు చెప్పాడు. ఆ మాట వినగానే మా బావ, అంటే ఆవిడ సొంత కొడుకే, "ఈ వయసులో అమ్మకి ఈ సోకులెందుకురా?" అన్నాడు. అక్కయ్య అదే మాట కాస్త మెత్తగా అంది. ఇరుగుపొరుగు వాళ్లు నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో కంటిపొర తీయించుకున్న వాళ్లున్నారు, మోకీళ్లు మార్పించుకున్న వాళ్లున్నారు. వాళ్లు చేయించుకున్నది వైద్యమని ఊరంతా ఒప్పుకుంటుంది. మా అత్తయ్యది మాత్రం ముస్తాబు అయిపోయింది.

ఇది ఒక్క మా ఇంటి అభిప్రాయమైతే నాలుగు గోడల మధ్య తేల్చుకునేవాళ్లం. కానీ చదువుకున్న వాళ్లూ ఇదే అంటున్నారు. ఇన్సూరెన్సు కంపెనీల కాగితాల్లోనూ ఇదే ధోరణి. క్లినిక్కుల ప్రకటనలు చూడండి, బ్రో లిఫ్ట్ అంటే పాతికేళ్ల అమ్మాయి ఫొటోయే. వయసు మీద పడి కనుబొమ జారితే దాన్ని సరిచేయడం అందానికి సంబంధించిన పని అనే ఈ నమ్మకం తప్పు. దానివల్ల పెద్దవాళ్లు చూపు పోగొట్టుకుంటున్నారు. ఆపరేషన్ దాకా వెళ్లిన వాళ్లకి కూడా సరైన పద్ధతి దొరకడం లేదు.

మొదట అసలు ఏం జరుగుతుందో చూద్దాం. నేను నా కళ్లతో చూసింది చెబుతాను. బస్టాండులో అత్తయ్య గుంటూరు బస్సు కోసం నిలబడింది. బస్సు లోపలికొచ్చింది. ఆవిడ గడ్డం పైకెత్తింది, నుదురంతా ముడతలు పెట్టింది, అదీ చాలక చూపుడు వేలితో కుడి కనుబొమని పైకి నెట్టి పట్టుకుంది. అప్పుడు గానీ బోర్డు కనపడలేదు. అది ఆవిడకి ఎంత అలవాటైపోయిందంటే, వేలు పెట్టిన సంగతి తనకే తెలియదు. సాయంత్రం అయ్యేసరికి నుదుటి నొప్పి. రోజూ అమృతాంజనం రాసుకుని పడుకునేది. బీపీ అనుకున్నాం, మందులు మార్చాం. కళ్లజోడు నంబరు పెరిగిందనుకున్నాం, రెండుసార్లు అద్దాలు మార్చాం. నొప్పి తగ్గలేదు. ఆ నొప్పి ఎక్కడిదో మాకు ఎవరూ చెప్పలేదు.

కనుబొమని పైకెత్తి పట్టే కండరం ఒక్కటే, నుదుటి కండరం. దాని పై కొస నడినెత్తి మీది పొరలో కలుస్తుంది, కింది కొస కనుబొమ చర్మంలో కలుస్తుంది. ఎముకకి ఎక్కడా అతుక్కోదు. కిందికి లాగే కండరాలు మాత్రం నాలుగున్నాయి, రెండు బొమల మధ్యా, ముక్కు మొదట్లో, కంటి చుట్టూ. వయసులో ఉన్నప్పుడు ఈ లాగులాటలో నుదురు గెలుస్తూ ఉంటుంది. చర్మంలో బిగి తగ్గి, కింది పొరలు సడలాక కనుబొమ బరువు దానికి మించిపోతుంది. పైగా ఆ కండరం కణత దాకా రాదు. కనుబొమ తోక వైపు ఎత్తిపట్టే కండరం దాదాపు లేనట్టే. కంటి చుట్టూ ఉన్న కండరం మాత్రం అక్కడ కిందికి గుంజుతూనే ఉంటుంది. పెద్దవాళ్లందరికీ ముందు తోక వైపే ఎందుకు జారుతుందో ఇప్పుడు అర్థమవుతుంది. మామూలుగా మగవాళ్ల కనుబొమ కంటి గుంట ఎముక అంచు మీద, ఆడవాళ్లది దానికి కాస్త పైన ఉంటుంది. అత్తయ్య ఎముక అంచు మీద నేను వేలు పెట్టి చూశాను. కనుబొమ నా వేలికి కింద వేలాడుతోంది.

జారిన కనుబొమ తనతో పాటు పైరెప్ప తోలుని కూడా కిందికి తోసి కంటి పాప ముందు తెరలా నిలబెడుతుంది. చూడాలంటే నుదుటి కండరం మెలకువగా ఉన్నంతసేపూ బిగబట్టి ఉండాలి. పొద్దుటి నుంచి రాత్రి దాకా పిడికిలి బిగించి ఉంచమంటే మన చెయ్యి ఏమవుతుంది? ఆవిడ నుదుటికి అదే అయింది. ఆ ముడతలు ముసలితనపు ముడతలని మేం అనుకున్నాం. అవి కూలి పని చేస్తున్న కండరం గుర్తులు.

"కళ్లు బాగానే ఉన్నాయిగా, బోర్డు మీద చివరి వరస దాకా చదివింది" అని బావ వాదించాడు. ఈ వాదన చాలామందిది, కాబట్టి జవాబు వివరంగా చెప్పాలి. అక్షరాల బోర్డు పరీక్ష కొలిచేది ఎదురుగా, నట్టనడుమ ఎంత సన్నటి అక్షరం కనపడుతుందనే. చుట్టూ ఎంత మేర కనపడుతుందో అది కొలవదు. పైగా బోర్డు ముందు కూర్చోబెట్టగానే ప్రతి పెద్దమనిషీ తెలియకుండానే గడ్డమెత్తి, నుదురు బిగించి చదువుతాడు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలైంది, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో అదే పేరుతో మరో పథకం వచ్చింది. లక్షల మందికి అద్దాలందాయి, శుక్లాలు బయటపడ్డాయి. చాలా మంచి పని, అందులో నాకు సందేహం లేదు. కానీ అద్దాల కోసం పెట్టిన పరీక్షలో జారిన కనుబొమ దొరకదు. అది దొరికే పరీక్ష వేరే ఉంది, విజువల్ ఫీల్డ్ టెస్ట్. మామూలు కన్ను తిన్నగా చూస్తూనే పైవైపు దాదాపు 60 డిగ్రీల దాకా వెలుగుని పసిగడుతుంది. కనుబొమ జారిన మనిషికి ముందు ఉన్నది ఉన్నట్టుగా పరీక్ష చేసి, తర్వాత కనుబొమనీ రెప్ప తోలునీ టేపుతో ఎత్తి అతికించి మళ్లీ చేస్తారు. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే చాలు. అత్తయ్య మొదటి కాగితం మీద పైసగం నల్లగా ఉంది. టేపు వేశాక ఆ నలుపు చాలావరకు పోయింది. ఆ రెండు కాగితాలూ బావకి చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"వయసన్నాక జారదా? అది సహజం" అనే మాట ఇంకొకటి. సహజమే. శుక్లం కూడా సహజమే, మోకీలు అరగడమూ సహజమే, పళ్లు ఊడడమూ సహజమే. వాటికి వైద్యం చేయించుకోవద్దని ఎవరూ అనరు. సహజంగా వచ్చిన బాధ బాధ కాకుండా పోదు.

ఇక్కడ ఇంకో సంగతి గుర్తు చేయాలి. మూతి వంకరపోయిన మనిషిని, బెల్స్ పాల్సీ అంటారే, ఎప్పుడైనా చూశారా? ముఖంలో ఒక పక్క నరం పనిచేయక ఆ వైపు కనుబొమ కంటి మీద పడిపోతుంది. నెలలు గడిచినా కోలుకోకపోతే ఆ కనుబొమని పైకెత్తి కుడతారు. దాన్ని సోకు అని ఒక్కరూ అనరు. అదే కోత, అవే కుట్లు, అదే కనుబొమ. జారడానికి కారణం నరం అయితే వైద్యం, వయసు అయితే విలాసం! ఈ తేడా వైద్యశాస్త్రం చెప్పింది కాదు, మనం పెద్దవాళ్లని చూసే చూపు చెప్పింది.

ఇక అన్నిటికంటే ప్రమాదకరమైన వాదన, డాక్టర్ల దగ్గర కూడా వినపడేది, "కనుబొమ జోలికెందుకు, పైరెప్ప తోలు కాస్త కత్తిరిస్తే సరిపోతుంది" అనేది. కనుబొమ అంటే అందం, రెప్ప అంటే వైద్యం అనే విభజనలోంచే ఇదీ పుట్టింది. మా అత్తయ్యకి జరిగిందీ అదే. కనుబొమ మాట వచ్చేదానికి ఏడాది ముందే ఒకచోట ఆవిడ పైరెప్పల తోలు కత్తిరించారు. రెప్ప ఆపరేషన్ అన్నారు గనక ఇంట్లో ఎవరూ నవ్వలేదు. నెల రోజులు బాగానే ఉంది. మూడో నెలకి కనుబొమలు ఇంతకు ముందుకన్నా కిందికొచ్చాయి.

ఎందుకంటే, రెప్ప తోలు అడ్డం వస్తున్నంత కాలం నుదుటి కండరం దాన్ని ఎత్తడానికి తంటాలు పడుతూ ఉంటుంది. ఆ అడ్డు తీసేయగానే దానికి శ్రమపడే అవసరం తగ్గుతుంది, సడలుతుంది. దాంతో అది అంతవరకు మోస్తున్న కనుబొమ కిందికి దిగుతుంది. కంటి ప్లాస్టిక్ సర్జరీ చేసేవాళ్లు, ఆక్యులోప్లాస్టీ అంటారు, వాళ్లకి ఇది కొత్త విషయం కాదు. అందుకే వాళ్లు రోగిని కళ్లు మూయించి, నుదురు సడలనిచ్చి, మెల్లగా తెరవమని అప్పుడు కనుబొమ అసలు చోటు చూస్తారు. తర్వాత కనుబొమని చేత్తో ఉండాల్సిన చోట పట్టుకుని, రెప్ప మీద నిజంగా మిగులు తోలు ఎంతుందో లెక్కగడతారు. కనుబొమ కింది అంచు నుంచి రెప్ప వెంట్రుకల దాకా కనీసం 20 మిల్లీమీటర్ల తోలు ఉండాలని పాఠం. అది లేకపోతే కన్ను పూర్తిగా మూతపడదు, కార్నియా ఎండిపోతుంది. ముందు రెప్ప తోలు ఎక్కువ కోసేసి తర్వాత కనుబొమ ఎత్తితే జరిగే ప్రమాదం సరిగ్గా ఇదే. రెండూ చేయాల్సి వస్తే ముందు కనుబొమ, తర్వాత మిగిలిన రెప్ప తోలు. ఈ వరస తప్పకూడదు. అత్తయ్య విషయంలో అది తప్పింది. రెండో డాక్టరు మాతో సూటిగా చెప్పాడు: "మొదట్లోనే నా దగ్గరికి వచ్చి ఉంటే ఇంకో నాలుగు మిల్లీమీటర్లు ఎత్తేవాణ్ణండీ. ఇప్పుడు అంత ఎత్తితే కన్ను మూతపడదు."

ఆ నాలుగు మిల్లీమీటర్లు మళ్లీ రావు.

ఎదుటివాళ్ల వాదనలో ఒక నిజముంది. ఈ ఆపరేషన్ పుట్టింది అందం కోసమే. 1919లో పారిస్‌లో రేమండ్ పాసో నుదుటి మీద చిన్నచిన్న తోలు ముక్కలు కోసి కుట్టి కనుబొమలెత్తడం రాశాడు, అది ముడతలు పోగొట్టడానికే. కానీ పుట్టుకని బట్టి ఒక పనికి శాశ్వతంగా పేరు పెట్టేస్తామా? ఒకరు అందానికి చేయించుకుంటారు, ఇంకొకరు చూపుకి చేయించుకుంటారు. కత్తి ఒకటే అయినా అవసరాలు వేరు. అందానికి చేయించుకునేవాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. వాళ్ల కొలబద్దతో మా అత్తయ్యని కొలవడం మీదే నా ఫిర్యాదంతా.

ఆ కొలబద్ద పద్ధతుల ఎంపికని కూడా పాడుచేస్తోంది. అందం లెక్కలో మొదటి నియమం మచ్చ కనపడకూడదని. అందుకే చాలా కాలం అన్నిటికన్నా గొప్పదని పేరు పొందింది నెత్తి మీది కోత. ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా జుట్టులోపల కోసి, నుదురంతా వదులు చేసి, ఒకటి రెండు సెంటీమీటర్ల తోలు తీసేసి వెనక్కి లాగి కుడతారు. గట్టిగా నిలుస్తుంది, మచ్చ జుట్టులో దాగుతుంది. కానీ నెత్తికి స్పర్శనిచ్చే నరం కొమ్మలు ఆ దారిలోనే పోతాయి గనక అవి తెగి, కోత వెనక నెత్తి మొద్దుబారడం, దురద పెట్టడం మామూలే. నుదురు ఇంకా ఎత్తవుతుంది. బట్టతల ఉన్న పెద్దాయనకి ఆ మచ్చ ఎక్కడ దాగుతుంది? 1990ల మొదట్లో అమెరికాలో ఎండోస్కోపు పద్ధతి వచ్చింది. జుట్టులో మూడు నుంచి ఐదు చిన్న గాట్లు పెట్టి, కెమెరాతో చూస్తూ, కంటి గుంట అంచు దగ్గర ఎముకని పట్టుకున్న పొరని విడదీసి, పైకి లాగి మరలతోనో, ఎముకలో చేసిన బెజ్జంలోంచి తీసిన దారంతోనో, కరిగిపోయే కొక్కేలతోనో నిలబెడతారు. మంచి పద్ధతే. జుట్టు ఒత్తుగా, నుదురు పొట్టిగా, చర్మం మరీ బరువెక్కకుండా ఉన్నవాళ్లకి అది బాగా నప్పుతుంది. డెబ్బై దాటి, మందపాటి నుదురు, బరువైన కనుబొమ ఉన్నవాళ్లకి అది ఇచ్చే ఎత్తు చాలా సందర్భాల్లో చాలదు. 1990లో మెక్‌కార్డ్, డాక్సానస్ రాసిన పద్ధతిలో రెప్ప కోతలోంచే లోపలికి వెళ్లి కనుబొమని ఎముక పొరకి కుడతారు. వేరే మచ్చ ఉండదు, కానీ అది కనుబొమని నిలబెట్టడానికి పనికొస్తుంది గానీ బాగా పైకెత్తడానికి కాదు. దారాలేసి లాగే పద్ధతి గురించి ఎక్కువ చెప్పను, దాని ఫలితం ఎక్కువకాలం నిలవదు. బోటాక్స్ మూడు నాలుగు నెలల ముచ్చట. పైగా కనుబొమ మోస్తున్న నుదుటి కండరంలో అది పొడిస్తే ఉన్న ఆధారం కూడా పోయి కనుబొమ ఇంకా కిందికి జారుతుంది.

మిగిలింది సూటి పద్ధతి. సాల్వడోర్ కాస్తన్యారెస్ 1964లో వివరించినది. కనుబొమ వెంట్రుకలకి సరిగ్గా పైన తోలుని ఆకు ఆకారంలో తీసేసి కుట్టడం. ఎంత తోలు తీస్తే దాదాపు అంత ఎత్తు వస్తుంది కాబట్టి లెక్క తప్పదు, ఒక కనుబొమ ఎక్కువ ఒకటి తక్కువ జారినా సరిదిద్దవచ్చు. తోక వైపు కూడా బాగా లేస్తుంది. పూర్తి మత్తు అక్కర్లేదు. గుండె జబ్బో షుగరో ఉన్న పెద్దవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. బట్టతల అడ్డు కాదు. నుదుట లోతైన ముడత ఉన్న మగవాళ్లకైతే ఆ ముడతలోనే కోసి మచ్చని అందులో దాచే పద్ధతి కూడా ఉంది. ఇన్ని అనుకూలాలున్నా ఈ పద్ధతిని పాతకాలపుదని, మొరటుదని పక్కన పెడుతున్నారు. కారణం ఒక్కటే, కనుబొమ మీద గీత పడుతుందని. ముప్పై ఏళ్ల మనిషికి ఆ భయం న్యాయం. కానీ బోర్డు చదవడానికి వేలితో కనుబొమ ఎత్తుకుంటున్న మనిషికి అది మొదటి ప్రశ్న ఎలా అవుతుంది?

అత్తయ్యకి చేసింది ఇదే. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. గీతలు ఆవిణ్ణి కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టే గీశారు, పడుకుంటే కనుబొమ వెనక్కి జారి అసలు లెక్క తప్పుతుంది గనక. అక్కడి వరకే మత్తు సూదులిచ్చారు. వెంట్రుకల వేళ్లు తెగకుండా అవి వాలిన వైపే కత్తిని ఏటవాలుగా పట్టి కోస్తారట. తర్వాత లోపల ఒక వరస, పైన ఒక వరస కుట్లు. ఆవిడ మధ్యలో "అయిపోయిందా నాయనా, కాఫీ తాగాలి" అని అడిగింది. వారానికి పై కుట్లు తీశారు. రెండు మూడు నెలలు కనుబొమ పైన ఎర్రటి గీత ఉంది. ఇప్పుడు వెతికితే సన్నటి తెల్ల గీత కనపడుతుంది. ఆవిడ దాన్ని వెతకదు.

ప్రమాదాలు లేవని నేననను. నుదుటికి కదలికనిచ్చే నరం చెవి ముందు నుంచి కనుబొమ తోకకి కాస్త పైగా, ఏటవాలుగా పోతుంది. బ్రెజిల్ సర్జన్ ఇవో పిటాంగీ 1966లో ఆ దారిని గీతగా గీసి చూపించాడు, ఇప్పటికీ సర్జన్లు అదే గీత గుర్తుపెట్టుకుని కోస్తారు. అది తెగితే ఆ వైపు కనుబొమ ఇక పైకి లేవదు. లోపలి కొస దగ్గర లోతుగా కోస్తే నుదుటి స్పర్శ పోవచ్చు. అత్తయ్యకి ఎడమవైపు నుదుటి మీద ఐదారు వారాలు తిమ్మిరిగా ఉండి తగ్గింది. మరి ఇంత జాగ్రత్త కావాల్సిన పనిని ముస్తాబు కింద జమకడితే ఏమవుతుంది? పెద్దవాళ్లు కంటి సర్జన్ దగ్గరికి కాకుండా అందం క్లినిక్కుకి పోతారు. అక్కడ ఫీల్డ్ టెస్ట్ చేసేవాళ్లుండరు, కళ్లు పొడిబారాయో లేదో చూసేవాళ్లుండరు. జారింది కనుబొమా, లేక రెప్ప ఎత్తే కండరమే బలహీనపడిందా, లేక ఒక్కసారిగా ఒక పక్క వాలిపోయిందంటే నరాల జబ్బేమైనా ఉందా అని విడదీసి చూసేవాళ్లు అసలుండరు.

డబ్బు సంగతి. మన ఆరోగ్య బీమా పాలసీల్లో అందం కోసం చేసే చికిత్సలకి డబ్బు రాదని ఒక షరతు ఉంటుంది. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆ షరతుకి అన్ని కంపెనీలకీ ఒకే మాట, ఒకే కోడు ఇచ్చింది, ఎక్స్‌క్లూజన్ 08. ప్రమాదం, కాలిన గాయాలు, కేన్సరు తర్వాత చేసే పునర్నిర్మాణానికి మినహాయింపు ఉంది. రోగికి ప్రత్యక్షంగా, తక్షణంగా ఉన్న ఆరోగ్య ముప్పు తొలగించే చికిత్స అని డాక్టరు ధ్రువీకరిస్తే కూడా మినహాయింపు ఉంది. అత్తయ్య క్లెయిము ఈ షరతు కిందే తిరిగొచ్చింది. రెండు ఫీల్డ్ టెస్టులూ జతచేసినా ఒకే వాక్యంలో జవాబిచ్చారు. మెల్లగా చూపు మూసేసే బాధ "తక్షణం" అనే మాటలో ఇమడదు కదా. అమెరికాలో పెద్దవాళ్ల ప్రభుత్వ బీమా మెడికేర్ కూడా అందానికి డబ్బివ్వదు. కానీ కనుబొమ జారి చూపుకి అడ్డం వస్తోందని ఫొటోలతో, టేపు వేసి వేయకుండా చేసిన ఫీల్డ్ టెస్టులతో చూపిస్తే ఇస్తుంది. ఆ పనికి అక్కడ విడిగా ఒక కోడే ఉంది, 67900. అందులో అందం మాట లేదు, జారిన కనుబొమ మరమ్మతు అనే ఉంది. మనదగ్గర కూడా ఇదే కొలత పెట్టండి. ఫొటో, రెండు పరీక్షలు, సర్జన్ సంతకం. అడుగుతున్నది ఇంతే.

మా ఇంట్లో అమృతాంజనం సీసా ఇప్పుడు అటక మీద ఉంది. దాన్ని అక్కడ పెట్టింది అత్తయ్యే, అటక మీదున్న డబ్బాలు ఇప్పుడు ఆవిడకి గడ్డమెత్తకుండా కనపడుతున్నాయి గనక. బావ కూడా ఇప్పుడు సోకు అనే మాట ఎత్తడు.

మీ ఇంట్లో అరవై దాటిన పెద్దవాళ్లుంటే ఈ సాయంత్రం ఒక పని చేయండి. వాళ్లని వెలుతురులో కూర్చోబెట్టి, కాసేపు కళ్లు మూసుకోమని, నుదురు బిగించకుండా మెల్లగా తెరవమనండి. తర్వాత మీ బొటనవేలితో కనుబొమని మెత్తగా, ఎముక అంచు దాకా ఎత్తి పట్టుకుని "ఇప్పుడు తేడా ఉందా?" అని అడగండి. ఉందంటే, నవ్వకుండా, ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రెప్ప తోలు కోద్దామని ఎవరైనా అంటే, ముందు కనుబొమ చూశారా అని అడగండి.